హవాయి వీధిలో దుర్గ

రియాద్ నుంచి వచ్చాక మా వీధిలో అందరూ అడిగింది ఎండ గురించే. "అమ్మో, మాడిపోయుంటారు కదండీ!" అంటారు. పుష్యమాసంలో వెళ్ళాను తల్లీ, పొద్దు వాలేసరికి శాలువా కప్పుకుని గజగజలాడాను అంటే ఒక్కరు నమ్మితే ఒట్టు. ఆ తరవాత బంగారం రేటు అడుగుతారు. ఆ తరవాత ఒంటెను చూశారా అంటారు. చూశాను, మా మేనకోడలి ఇంట్లో టీవీలో. ఊళ్ళో తీర్థం లాంటి ఒక పండగ వీధిలో నేను గడిపిన సాయంత్రం గురించి మాత్రం ఎవరూ అడగరు. అడగకపోయినా చెప్తాను, చెప్పకపోతే నాకు అన్నం సహించడం లేదు.

బయల్దేరే ముందు

నా పేరు రత్నం. పాలకొల్లు పక్కన ఒక చిన్న ఊరు మాది. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వంటలు చేయిస్తుంటాను. మా ఆయన పోయాక ఆ గాడిపొయ్యిలే నన్ను నిలబెట్టాయి. మా తమ్ముడి కూతురు స్వప్న రియాద్‌లో ఒక ఆస్పత్రిలో డాక్టరు. "అత్తా, టూరిస్ట్ వీసా చాలా ఈజీ. నువ్వొచ్చి జస్ట్ రెస్ట్ తీసుకో" అని ఏడాదిగా ప్రాణం తీస్తోంది. సరేనని ఒప్పుకున్నాను.

ఒప్పుకున్న సంగతి ఎలా తెలిసిందో, సాయంత్రానికల్లా ఎదురింటి నాగమణి వచ్చి మా అరుగు మీద కూచుంది. నాగమణి కోడలు దుర్గ కూడా రియాద్‌లోనే ఉంది, ఒక సౌదీవాళ్ళింట్లో పనికి. దుర్గ మొగుడు సత్తిబాబు కొబ్బరి దింపు తీసేవాడు. కార్తీకంలో వాన తడి ఆరని చెట్టెక్కి జారిపడ్డాడు. ఆస్పత్రికి మోసుకెళ్ళేలోపే ప్రాణం పోయింది. పిల్లాజెల్లా లేరు. స్లాబు ఇల్లు కట్టుకోవాలని పెళ్ళాన్ని దేశం దాటించాడు, ఆ ఇల్లు పునాది దగ్గరే ఉంది.

ఇదంతా ఊరందరికీ తెలుసు. దుర్గకి తెలియదు.

"చెప్పకు రత్నమ్మా, నీకు దణ్ణం పెడతాను," అంది నాగమణి. "ఒక్కత్తీ ఆ గదిలో కూచుని ఏమైపోద్దో. కఫీలు పంపడు. పక్కూరి మరియమ్మని కన్నతల్లి పోతే పంపేరా? ఏడిచేడిచి మతి చెడిందా లేదా? దుర్గ ఎలాగూ వేసవికొచ్చేస్తది. వచ్చాక అందరం ఉంటాం, అప్పుడు చెప్పుకుందాం."

కఫీలంటే అక్కడ పనికి రప్పించుకున్న యజమాని. ఆయన సరేనంటేనే దేశం దాటడం. గల్ఫుకి మనిషిని పంపిన ప్రతి ఇంట్లోనూ ఈ పద్ధతి ఉంది మా వైపు. చావు కబురు పంపరు, పుట్టుక కబురు మాత్రం ఆ క్షణమే పంపుతారు. నాకు ఈ పద్ధతంటే మొదట్నించీ ఒళ్ళుమంట. ఆ మాట అనబోయేలోపే నాగమణి నా చెయ్యి లాక్కుని తన నెత్తిన పెట్టుకుంది. కొడుకు పోయిన తల్లి నెత్తి మీద చెయ్యి పడ్డాక ఇంకేం వాదిస్తాం? ఒట్టేశాను. దుర్గకని ఆవకాయ సీసా, జంతికలు ఇచ్చి వెళ్ళింది.

రియాద్: ఆవకాయ, మెట్రో, పెద్ద పళ్ళెం

విమానాశ్రయంలో ఆ ఆవకాయ సీసానే పట్టుకున్నారు. మీసం సరిగా రాని ఆఫీసరు సీసాని లైటుకి ఎత్తి చూసి ఏదో అడిగాడు. "మ్యాంగో" అన్నాను. ఈ ఎర్రటి నూనెలో మామిడికాయ ఎక్కడుందని కాబోలు, మూత తీసి వాసన చూశాడు. అంతే, వరసగా తుమ్ములు. పక్కనున్న వాళ్ళంతా నవ్వారు, తనూ నవ్వి చేత్తో పొమ్మని సైగ చేశాడు. కారం తెలియని జాతి పాపం.

రెండు రోజులు ఊరు చూశాను. స్వప్న డ్యూటీకి వెళ్తూ నన్ను మెట్రో ఎక్కించింది. డ్రైవరు లేకుండా నడుస్తుంది, ముందు అద్దం దగ్గర నిలబడితే పట్టాలు మన మీదికే వస్తున్నట్టుంటాయి. ఆడవాళ్ళూ పిల్లలూ కూచునే పెట్టెలో ఒక సూడాన్ ముసలావిడ నా మోకాలి నొప్పి కనిపెట్టి లేచి చోటిచ్చింది. ఆవిడకి నాకన్నా పదేళ్ళు ఎక్కువుంటాయి. వద్దంటే వినదు. చివరికి ఇద్దరం ఇరుక్కుని కూచున్నాం, నాకు సంచిలోంచి ఖర్జూరాలు తీసి పెట్టింది. భాష ఒక్క ముక్క కలవలేదు, దిగేవరకూ మాట్లాడుకుంటూనే ఉన్నాం.

తిండి సంగతి చెప్పాలి, వంటదాన్ని కదా. కబ్సా అని అన్నం, మాంసం కలిపి ఒకే పెద్ద పళ్ళెంలో పోసి, కింద కూచుని అందరూ అందులోనే తింటారు. మా బంతి భోజనాల్లో ఎవరి విస్తరి వాళ్ళది. పక్కవాడు మనకన్నా ఎక్కువ గారెలు వేయించుకున్నాడా అని ఓరకంట చూసుకుంటాం. వీళ్ళకి ఆ బాధ లేదు. మంచి మాంసం ముక్కని ఎదుటివాళ్ళ వైపు తోస్తారు. ఉప్పు సరిపోయింది, కారమే సున్నా. స్వప్న స్నేహితుల ముందే చేతిసంచిలోంచి ఆవకాయ తీశాను. "అత్తా, ప్లీజ్, ఎంబరాసింగ్‌గా ఉంది" అంది. అన్నది గానీ, అందరికన్నా ముందు తనే వేసుకుంది. అది నేను పట్టుకెళ్ళిన నా సీసా, దుర్గది కాదు.

దుర్గ ఫోను ఆ రాత్రే వచ్చింది. "పిన్నిగారండీ! వచ్చేరా? గురువారం సాయంత్రం మా మామా వాళ్ళు పిల్లల్ని హవాయి తీర్థానికి తీసుకొస్తన్నారండి. మీరూ అక్కడికే వచ్చేయండి. నాకు మరోలా బయటికి కుదరదండి." అక్కడ పనివాళ్ళు ఇంటి యజమానురాలిని మామా అంటారట. "మా ఆయన్ని చూసే వచ్చేరు కదండీ?" అంది వెంటనే.

"నీ జంతికలు తెచ్చానే" అన్నాను.

టాక్సీలో

గురువారం నన్నూ స్వప్ననీ టాక్సీలో తీసుకెళ్ళినాయన జగిత్యాల వైపు మనిషి. నా మాట వినగానే అద్దంలోంచి చూసి, "మనోళ్ళేనా అమ్మా? ఆంధ్రా?" అన్నాడు. ఎక్కడికని అడిగి, "హవాయి పండుగకా! గదేం దేశమో ఏమో, అందరు గాడికే పోతున్రు" అని నవ్వాడు.

దారిలో ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు ఊరికే అడిగాను, ఇంటికి వెళ్ళొస్తుంటావా అని.

"పోతనమ్మా. గని మా అన్న ఇంటికి పోను. మా నాయిన సచ్చిపోతె నాకు నెలకు చెప్పిన్రు. నేను బాధపడుతనట! గా నెలంత నాయినకు షుగరు గోలీలు పంపుకుంటనే ఉన్న. చనిపోయిన మనిషికి గోలీలు పంపుడేంది, చెప్పున్రి." సిగ్నల్ పడింది, బండి కదిలించాడు. "నన్ను పిచ్చోణ్ణి జేసిన్రమ్మా."

స్వప్న నా చెయ్యి పట్టుకుంది. తనకి విషయం నేను ముందే చెప్పాను. తక్కిన దారంతా నేను కిటికీలోంచే చూస్తూ కూచున్నాను.

హవాయి వీధి

పెద్ద హోటళ్ళున్న వీధికి అటూ ఇటూ కార్లు ఆపేసి, ప్లాస్టిక్ కొబ్బరిచెట్లు నిలబెట్టారు. నడిమధ్య లారీలతో ఇసక పోయించి దాన్ని బీచి అన్నారు. చుట్టూ ఎడారి ఉన్న ఊళ్ళో ఇసక కొని పోయించడం చూసి నాకు నవ్వాగలేదు. హవాయి అనే దీవుల తరహా తిళ్ళూ పాటలూ ఆ సాయంత్రమంతా. హవాయివాళ్ళు మాత్రం భూతద్దం పెట్టి వెతికినా లేరు. పాడేవాళ్ళూ ఆడేవాళ్ళూ అమ్మేవాళ్ళూ అందరూ ఫిలిప్పీన్స్ వాళ్ళే. ఆడపిల్లలు ఒళ్ళంతా కప్పే నల్ల బట్టల మీద గడ్డి లంగాలు కట్టుకుని, చేతులతో అలలు చూపిస్తూ మెల్లగా ఆడుతున్నారు. చిన్నపిల్లల గిటారు లాంటిది వాయిస్తూ ఒకాయన పాడుతున్నాడు. ఆ పాట అర్థం కాకపోయినా ఎక్కడో ఇంటికి దూరంగా ఉన్నవాడి పాటలా అనిపించింది నాకు.

లోపలికి వెళ్ళేచోట ఒక అమ్మాయి వచ్చినవాళ్ళందరి మెడలో పూలదండ వేస్తోంది. "హవాయిలో ఎక్కడ మీది?" అని స్వప్న ఇంగ్లీషులో అడిగితే "మనీలా" అని కిలకిలా నవ్వింది. నా మెడలో దండ పడగానే నేను వెనక్కి తగ్గాను. మా ఆయన పోయిన పదో రోజున నా గాజులూ బొట్టూ తీసిన చేతులు ఎవరెవరివో నాకిప్పటికీ గుర్తే. పువ్వు తాకడం ఆ రోజుతో సరి. దేవగన్నేరు పూలలా ఉన్నాయి గానీ ఉత్త గుడ్డపూలు, వాసన లేదు. తీసి సంచిలో పెట్టుకున్నాను. మనీలా పిల్ల మొహం చిన్నబోయింది, దానికేం తెలుసు పాపం.

తిళ్ళ దగ్గర ఇంకా వింతలు. పచ్చి చేపముక్కలు అన్నం మీద పరిచి, నువ్వులు చల్లి నలభై రియాళ్ళంటాడు. మా గోదావరి పులసని ఇలా పచ్చిగా పెడితే నన్ను ఊళ్ళోంచి వెలేస్తారు. అనాసముక్కలు బొగ్గుల మీద కాల్చి దాల్చినచెక్క పొడి చల్లి ఇచ్చారు, అది మాత్రం అమృతం. ఐసు తురుముకి రంగులు పోసి అమ్ముతుంటే పిల్లలంతా అక్కడే ఉన్నారు.

"పిన్నిగారండీ!"

ఒళ్ళంతా కప్పే నల్లటి అబాయా, తలకి గుడ్డ, దాని అంచు కింద చిన్న బొట్టు, ముంజేతుల నిండా ఆకుపచ్చ గాజులు. పిల్లలు విసుగొచ్చి తీసేసిన దండలన్నీ దుర్గ మెడలోనే ఉన్నాయి. భుజం మీద మూడేళ్ళ పిల్ల నిద్రపోతోంది. పరిగెత్తుకొచ్చి ఒంటిచేత్తో నన్ను కావలించుకుంది. వెనకాలే మామా వచ్చింది. కళ్ళు తప్ప మొహం కనపడలేదు. గుండె మీద చెయ్యి పెట్టుకుని నన్ను పలకరించి, కూచుని మాట్లాడుకోండన్నట్టు దుర్గకి సైగ చేసి, మగపిల్లలతో ఐసు కొట్టు వైపు వెళ్ళింది.

పక్కనే కొబ్బరిబొండాలు. బొండం ముప్ఫై రియాళ్ళట! మా ఊళ్ళో ఆ డబ్బుకి గెలలు దిగుతాయి.

"చూడండి పిన్నిగారూ, కొట్టడం రాక దాన్నెలా నరుకుతన్నాడో," అని నవ్వింది దుర్గ. "మా ఆయనైతే కత్తి అలా తిప్పేడంటే అయిపోద్ది. చుక్క కింద పడదండి."

"అవునే," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు తెలియదు.

"ఆయన బాగా మారిపోయేడండి ఈమధ్య." తల వంచుకుని సిగ్గుపడుతోంది. "ఆయన ఫోన్లో మాట అందుకునే మిషను పాడైందంట కదండీ, వాళ్ళమ్మ పక్కింటి ఫోన్లోంచి చెప్పింది. నేను మాట పంపితే బొమ్మలు పెడతన్నాడు. పొద్దున్నే గులాబీ పువ్వు, రాత్రికి దీపం. ముందు రోజూ దెబ్బలాటే కదండీ మాకు, ఫోనెత్తలేదనీ, మరోటనీ. ఇప్పుడు ఏం చెప్పినా పువ్వే పెడతాడు. నేను రావడం మంచిదైందనుకుంటన్నాను. దూరమైతేనే విలువ తెలుస్తది మగాడికి."

ఆ ఫోను ఎవరి దగ్గరుందో నాకు తెలుసు. నాగమణికి చదువు రాదు. పొద్దున్నే అరుగు మీద కూచుని, కళ్ళు చికిలించి, చూపుడువేలికి ఏది తగిలితే ఆ బొమ్మ నొక్కుతుంది. ఏం చేస్తుందో అప్పుడు నాకు అర్థం కాలేదు. హవాయి వీధిలో అర్థమైంది.

పాట ఆగినప్పుడు

పూల చొక్కాల కొట్టు ముందు దుర్గ ఆగిపోయింది. ఎర్రటి గుడ్డ మీద తెల్లపూలున్న చొక్కా తీసి రెండు చేతులతో చాపబోయింది. ఒక చేతిలో పిల్లుంది కదా, కుదరలేదు. "పట్టుకోండి పిన్నిగారూ, ఆ భుజం వైపు. సరిపోద్దంటారా? మీరు మొన్నే చూసేరు కదా, చిక్కేడా, ఒళ్ళు చేసేడా?"

నేను చొక్కా పట్టుకుని నిలబడ్డాను.

"వచ్చేవారం మీతో పట్టుకెళ్ళండి. మీ ఎదురుగానే వేయించి ఒక ఫొటో తీసి పంపండి, నాకు మరింకేం వద్దు. మనిషిని చూసి చానాళ్ళయింది."

అప్పుడే రాత్రి నమాజుకి అజాన్ మొదలైంది. పాడేవాడు చేత్తో తీగలు ఆపేశాడు. ఆడేవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. వీధి మొత్తం అణగిపోయి, దూరంగా మైకులో ఆ పిలుపొక్కటే వినపడుతోంది. ఆ నిశ్శబ్దంలో నాకు టాక్సీ ఆయన గొంతు గుర్తొచ్చింది. నాగమణి నెత్తి మీద పెట్టిన చెయ్యీ గుర్తొచ్చింది. ఒట్టు తప్పితే నా కళ్ళే పోనీ అనుకున్నాను.

"చొక్కా వద్దే దుర్గా."

"ఏంటండీ, రంగు బాలేదా?"

"వేసుకునే మనిషి లేడే తల్లీ. సత్తిబాబు పోయాడు. కార్తీకంలో, చెట్టు మీంచి జారి."

దుర్గ నా మొహంలోకే చూసింది. నేను పరాచికాలాడుతున్నానేమో అన్నట్టు పెదవులు నవ్వబోయి ఆగాయి.

"ఇయ్యాల పొద్దున్న కూడా పువ్వు పెట్టేడండీ."

"మీ అత్తే అది."

భుజం మీద జారుతున్న పిల్లని పైకి లాక్కుంది. తరవాత చాలా మెల్లగా, "కార్తీకంలో ఈ పిల్ల పుట్టినరోజు చేసేరండి. నేను కొత్త బట్టలేసుకుని, నవ్వుతా ఫొటో తీయించుకుని పంపేను ఆయనకి," అంది. అలాగే కాలిబాట మీద కూలబడింది. పిల్ల కదిలింది. ఆ పరిస్థితిలోనూ దాని వీపు నిమిరి జోకొట్టింది. పిల్ల లేస్తుందని గట్టిగా ఏడవలేక ఆ ఎర్రచొక్కా నోట్లో కుక్కుకుంది. మెడలో దండలు అలాగే ఉన్నాయి. తీద్దామంటే నాకు చెయ్యి రాలేదు.

కొట్టువాడు బిత్తరపోయి చూస్తుంటే మామా పరిగెత్తుకొచ్చింది. స్వప్న తనకొచ్చిన ఆస్పత్రి అరబ్బీలో చెప్పింది. ఆవిడ పిల్లని తీసి స్వప్న చేతుల్లో పెట్టి, అంత మంచి అబాయాతో ఆ మురికి కాలిబాట మీద కూచుని, దుర్గ తల ఒళ్ళోకి లాక్కుంది. ఏడుస్తూనే నావైపు తిరిగి ఏదో అడిగింది.

"ఏమంటోందే?" అన్నాను.

స్వప్న పిల్లని భుజాన వేసుకుని నావైపు వంగింది. "తనకెందుకు చెప్పలేదని అడుగుతోంది అత్తా. ఆయన పోయాక రెండు నెలలు మా ఇంట్లో తిరిగిన మనిషి కదా, ఆ రోజే పంపేదాన్ని కదా అంటోంది. వాళ్ళలో భర్త పోతే నాలుగు నెలలు ఆడది ఇల్లు కదలకూడదట. ఈమె చేత నేను నేల తుడిపించాను, నన్ను పాపంలో పడేశారు మీరు అంటోంది."

ఆవిడ భర్త, అంటే మా ఊరంతా భయపడ్డ ఆ కఫీలు, టీ కప్పులు పట్టుకుని వచ్చాడు. విషయం విన్నాడు. కప్పులు కింద పెట్టేసి, జేబులోంచి ఫోను తీసి, అక్కడే నిలబడి మీటలు నొక్కాడు. దుర్గ ఊరెళ్ళి రావడానికి వీసా ఆ ఫోన్లోనే వచ్చేసిందట! మేం అడగనే లేదు. అడక్కుండానే పంపరని తీర్పు చెప్పేసుకున్నాం. మరియమ్మ ఉన్న ఇల్లు వేరు, ఈ ఇల్లు వేరు. కనుక్కుందామని మా ఊళ్ళో ఒక్క తలకాయకీ తోచలేదు, అందులో నాదీ ఒకటి.

నమాజు అయ్యాక పాట మళ్ళీ అందుకున్నారు.

ఇంటికి

మామా నా విమానంలోనే దుర్గకీ టికెట్టు తీసింది. దారిపొడుగునా దుర్గ ఒక్కటే అడిగింది: "ఏ చెట్టండీ?" కాలవగట్టు మీద, రేవు పక్కది అని చెప్పాను. పాలకొల్లులో రైలు దిగాం.

కబురు ముందే చేరింది. నాగమణి వాకిట్లో ఊళ్ళో ముసలమ్మలంతా కూచుని ఉన్నారు. మా వీధిలో ఇలాంటివన్నీ జరిపించే వీరమ్మగారు లేచి, "రేపు తెల్లారకుండా ఆ గాజులు తీసే పని కానిచ్చేయాలి. ఇప్పటికే ఆలిస్యమైపోయింది. ఈలోపు దాన్నెవరికీ ఎదురు రానివ్వకండి" అంది.

దుర్గ గుమ్మం ముందే ఆగింది.

"రెణ్ణెల్లపాటు నన్ను ముత్తైదువుగా కూచోబెట్టింది మీరే కదండీ. అప్పుడు నన్నడిగేరా? ఆలిస్యం మీరు చేసి నన్ను తొందరపెడతన్నారేంటండీ? ఈ గాజులు నాయి. ఎప్పుడు తీయాలో నాకు తెలుసు. నా చెయ్యి ఎవరూ ముట్టుకోవద్దు."

అంత గొంతు దుర్గకి ఉందని నాకూ తెలియదు. వీరమ్మగారు చెంగు నోటికడ్డం పెట్టుకుంది. నాగమణి లోపలికెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి కోడలి కాళ్ళ దగ్గర పెట్టి, తల దించుకుని నిలబడింది. దుర్గ ఆవిడకేసి చాలాసేపు చూసి, కాళ్ళు కడుక్కుని లోపలికెళ్ళింది. ఒట్టు తప్పానని నాగమణి నన్ను ఇంతవరకూ ఒక్క మాట అనలేదు.

కొన్నాళ్ళకి, ఒక పొద్దున్నే ఆ ఇంటికి ఉప్మా పట్టుకెళ్ళాను. దుర్గ పాదాలకి కాలవగట్టు బురద ఉంది. చేతులు బోసిగా ఉన్నాయి.

"ఎవరే తీసింది?"

"నేనేనండి. ఆ చెట్టు కింద కూచుని ఒక్కోటీ తీసుకున్నాను. పగలగొట్టలేదండి." గోడకి ఆనుకుని కూచుంది. ఉప్మా గిన్నె ఒళ్ళో పెట్టుకుని దానికేసే చూస్తూ, "నాకు ఇయ్యాల పోయేడండి పిన్నిగారూ," అంది.

అప్పుడు నోరారా ఏడ్చింది. వీధి చివరిదాకా వినపడేలా ఏడ్చింది. ఊరుకోవే అని నేను అనలేదు.